కంటి చదువుకు ఒక మూల కావలెను

మన జనానికి ఓర్పు ఎందుకు లేకుండా పోయిందో నాకు తెలిసిపోయింది. అందరూ ఆప్టోమెట్రీ కాలేజీకి దరఖాస్తు పెట్టకపోవడం వల్లే!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. ఆప్టోమెట్రీ అంటే మరేం లేదు, గడ్డం ఒక చట్రం మీద పెట్టించి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతూ కళ్లజోడు రాసిచ్చే డాక్టరు చదువు. చదువు నాలుగేళ్లే. అందులో చేరడానికి వేసుకునే ప్లాను మాత్రం అంతకంటే పొడుగు. పూర్వం మునులు కొండలెక్కి సంపాదించిన నిగ్రహాన్ని మా నెబ్రాస్కా రాష్ట్రం పిల్లలు వంటింట్లో క్యాలెండరు ముందు కూర్చుని సంపాదిస్తున్నారు. ఇంతకంటే వరం ఏముంటుంది చెప్పండి?

నమ్మకం కుదరకపోతే మా ఊరి టెస్సా కుచెరా సంగతి వినండి.

టెస్సా హైస్కూలు రోజుల నుంచీ డాక్టర్ లోవెల్ స్టికా గారి కళ్ల క్లినిక్‌లో పనిచేస్తోంది. ఫోను ఎత్తేది తనే, వంకరపోయిన ఫ్రేములు సరిచేసేది తనే. కంట్లోకి గాలి ఊదే మిషను చూడగానే బిగుసుకుపోయే రైతులకు ధైర్యం చెప్పి కూర్చోబెట్టేదీ తనే. మా కౌంటీకి, అంటే మా జిల్లా మొత్తానికి కంటి డాక్టరు స్టికా గారొక్కరే. ఆయన డెబ్బై దాటేశారు. కళ్లు భేషుగ్గా ఉన్నాయిగానీ మోకాళ్లే మొరాయిస్తున్నాయి.

ఒకరోజు ఆయన టెస్సాను కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేశారు.

"చూడమ్మా, నా మోకాళ్లు ఇంకో ఐదేళ్లు లాగుతాయి. అంతకు మించి నా వల్ల కాదు. ఈ ఏడాది నీకు సీటొచ్చిందనుకో, నువ్వు డాక్టరువై తిరిగొచ్చేనాటికి సరిగ్గా సరిపోతుంది. తాళాలు నీ చేతిలో పెట్టి నేను చేపలు పట్టుకుంటాను."

"రాకపోతే?"

"మూసేస్తాను. ఈ బిల్డింగు కార్లు కడిగే కంపెనీవాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

అదీ సంగతి. టెస్సాకు ఈ ఏడాది సీటు రాకపోతే మా కౌంటీలో కార్లు తళతళలాడతాయి, నడిపేవాడికి రోడ్డు కనపడదు!

ఇక చూడండి ప్లాను మహిమ! టెస్సా వాళ్లమ్మ జానిన్ స్కూలు బస్సు నడుపుతుంది. టైము తప్పడమంటే ఆవిడకు పాపంతో సమానం. వంటింట్లో నిలువెత్తు క్యాలెండరు వేలాడదీసింది. చలికాలంలో ప్రవేశ పరీక్ష. వసంతంలో సిఫార్సు ఉత్తరాలు. వేసవి మొదట్లో దరఖాస్తులు తీసుకోవడం మొదలవుతుంది. ముందు పెట్టినవాళ్లను ముందు పిలుస్తారు, సీట్లు పిలిచినకొద్దీ నిండిపోతుంటాయి. కాబట్టి తలుపు తీసిన రోజే లోపల దూరాలి. ఈ క్యాలెండరు రాకముందు ఆ ఇంట్లో ఎవరికీ రేపటి గురించి ఆలోచనే లేదు. ఇప్పుడు కుక్కకు స్నానం కూడా ఎర్ర పెన్నుతో రాసిన రోజునే!

ఒక్కటే చిక్కొచ్చింది. దరఖాస్తుల తలుపు తీసే రోజే జానిన్ చెల్లెలి కూతురి పెళ్లి.

జానిన్ ఏమీ తడబడలేదు. చెల్లెలికి ఫోను చేసింది. "పెళ్లి ఒక్క వారం వాయిదా వెయ్యవే. పెళ్లికొడుకు ఎక్కడికీ పోడు. సీటు పోతుంది."

"నీకేమైనా మతి పోయిందా అక్కా? చర్చి బుక్ చేసి ఏడాదైంది! కావాలంటే నీ కూతురి కాలేజీనే వాయిదా వేసుకోమను!"

పెళ్లి ఆగలేదు. కాలేజీ కూడా ఆగలేదు. బయట హాల్లో అకార్డియన్ వాయిద్యానికి జనమంతా పోల్కా డాన్సు ఆడుతుంటే, టెస్సా కోట్లు తగిలించే గదిలో, గసగసాలు కూరిన కొలాచీలనే తీపి బన్నుల ట్రే మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని బటన్ నొక్కింది. ఆ పెళ్లికూతురి ఫొటోలన్నిటిలోనూ టెస్సా ఉండాల్సిన చోట కాస్త ఖాళీ ఉంటుంది. కుటుంబంలో ఎవరి విలువ ఎంతో తెలిసేది ఇలాంటప్పుడే కదా!

అయ్యో, తొందరలో వెనకది ముందు చెప్పేశాను. బటన్ నొక్కేలోపు ఆ పిల్ల ఎంత ఎదిగిందో చెప్పనే లేదు.

మొదట వ్యాసం. "మీరు కంటి డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారు?" అని అడుగుతారు. దీనికి దేశమంతటా ఒకటే జవాబు: చిన్నప్పుడు మొదటిసారి కళ్లజోడు పెట్టుకోగానే చెట్టుకు ఆకులు విడివిడిగా కనిపించాయి, నా జన్మ ధన్యమైంది, అని. పాపం టెస్సాకు కళ్లు శుభ్రంగా కనిపిస్తాయి! పుట్టి బుద్ధెరిగాక ఏ రోజూ ఆకులు కలిసిపోయి కనపడలేదు. ఇంత లోపంతో ఎలా నెగ్గుకొస్తుంది?

"చిన్నప్పుడు టీవీకి మరీ దగ్గరగా కూర్చునేదానివి కదే, అది రాయి," అంది జానిన్.

"నువ్వు వంటింట్లో మిక్సీ వేస్తే సౌండు వినపడక కూర్చునేదాన్నమ్మా."

"అబ్బ, అదేం రాయక్కర్లేదులే!"

టెస్సా ఆ టీవీ సంగతే రాయలేదు. నెలల తరబడి స్క్రీన్ ముందు కూర్చుని, రాసింది కొట్టేసి, కొట్టేసింది రాసి, ఆఖరికి దూరం బోర్డులు మసకబారుతున్నాయని స్టికా గారి దగ్గరే పరీక్ష చేయించుకుంది. ఆయన నిజంగానే చిన్న నంబరు రాసిచ్చారు. చూశారా ఈ ఏర్పాటులో దూరదృష్టి? డాక్టరు తయారయ్యేలోపు ముందు ఒక పేషెంటు తయారు! కొత్త జోడు పెట్టుకుని టెస్సా ఆశగా కిటికీలోంచి చూసింది. మా వైపు చెట్లెక్కడివి? కనుచూపు మేర మొక్కజొన్న చేనే. అదే రాసింది.

అసలు మేలు ఆ తర్వాత జరిగింది. దరఖాస్తులో "ఒక కంటి డాక్టరును ఎన్ని గంటలు గమనించారు?" అని ఒక గడి ఉంది. టెస్సా ధీమాగా తన అన్నేళ్ల పనీ అందులో వేసి, ఎందుకైనా మంచిదని తను కోరుకున్న కాలేజీకి ఒకసారి ఫోను చేసింది. ఆ కాలేజీ పేరు నేను చెప్పను. మర్యాదస్తుల కాలేజీ.

"మీకు జీతం ఇచ్చారా అండీ?" అని అడిగింది అవతలి గొంతు, చాలా మృదువుగా.

"ఇచ్చారండీ."

"అయితే అది ఉద్యోగం అవుతుందండీ. గమనించడం అవదు. పనిచేస్తుంటే గమనించే తీరిక ఉండదు కదా!"

ఎంత లోతైన మాట! ఇన్నేళ్లుగా నాకు తట్టలేదు. పెళ్లిలో వడ్డించినవాడికి పెళ్లి సంగతి ఏం తెలుస్తుంది? గోడకానుకుని నిలబడ్డవాడికి తెలుస్తుంది!

టెస్సా ఆ రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. తెల్లారి లేచి క్యాలెండరు ముందుకొచ్చి కొత్త రంగు పెన్ను తీసింది. వారంలో కొన్ని మధ్యాహ్నాలు తన ఉద్యోగానికి సెలవు పెట్టి, అదే క్లినిక్‌కి వెళ్లి, అదే గదిలో ఒక మూలన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది. పని చేయకూడదు. సాయం చేయకూడదు. గమనించాలంతే.

స్టికా గారి పరిస్థితి చూడాల్సింది! సొరుగులన్నీ లాగుతున్నారు, మూస్తున్నారు.

"ఆ చుక్కల మందు సీసా ఎక్కడ పెట్టావే తల్లీ?"

"చెప్పకూడదండీ. నేను గమనిస్తున్నాను."

"నోటితో చెప్పకు. కళ్లతో చూపించు!"

టెస్సా కళ్లు మెల్లగా కుడివైపు పై అరకు తిప్పింది. కుర్చీలో ఉన్న ఎమిల్ వోబొరిల్ అనే పెద్దాయన ఇదంతా చూసి ఉండబట్టలేకపోయాడు. "ఏమ్మా టెస్సా, ఏం తప్పు చేశావని మూలన నిలబెట్టాడు మీ డాక్టరు? నాతో చెప్పు, నేను మాట్లాడతాను."

విత్తనాలు వేసే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం టెస్సా మూలన ఉంది, స్టికా గారు ఒక చంటిపిల్ల కంట్లోకి లైటు వేసి చూస్తున్నారు. బయట ఫోను మోగింది. ఎత్తాల్సిన మనిషి గమనిస్తోంది. ఆగి మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. మూడోసారి మోగేసరికి టెస్సా వల్ల కాలేదు. పరుగెత్తి ఎత్తింది.

ఎమిల్. ట్రాక్టరు మీద నుంచి.

"శుక్రవారం నా అపాయింట్‌మెంటు వచ్చే వారానికి మార్చమ్మా. ఈ విత్తనాలు అయ్యేదాకా కుదరదు. ఎడం కంట్లో పక్క నుంచి నల్లటి తెరలాగా దిగుతోంది, అంతే. నొప్పీ గిప్పీ ఏం లేదు."

 నొప్పి లేని ఆ తెర కన్ను పోయే ముందు దిగే తెరని ఆ క్లినిక్‌లో ఆ పిల్ల ఎన్నిసార్లు వినలేదు!

"ట్రాక్టరు ఆపు తాతా! ఇప్పుడే ఆపు. దిగి అక్కడే ఉండు!"

"అది కాదమ్మా, ఇంకా సగం పొలం..."

"పొలం ఎక్కడికీ పోదు. కన్ను పోతుంది!"

స్టికా గారు చంటిపిల్లను తల్లి ఒళ్లో పెట్టి, కుంటుకుంటూ వచ్చి ఫోను అందుకున్నారు. టెస్సా రెండో లైనులో ఒమాహా నగరంలో ఆపరేషన్ చేసే డాక్టర్లను పట్టుకుంది. ఎమిల్ ఒంటరి మనిషి, తీసుకెళ్లడానికి ఎవరూ లేరు. ఆ వేళకు ఊళ్లో ఇంజన్ స్టార్టయి ఉన్న బండి జానిన్ బస్సొక్కటే. పిల్లలను దింపేసి, పొలం గట్టున ఎమిల్‌ను ఎక్కించుకుని, ఆ పసుపుపచ్చ స్కూలు బస్సును సరాసరి ఒమాహా ఆసుపత్రి గుమ్మంలోకి తోలింది ఆ మహాతల్లి. పక్క పొలాలవాళ్లు మిగిలిన విత్తనాలు వేసేశారు. ఎమిల్ కన్ను దక్కింది.

ఆ వారాంతంలో స్టికా గారు గంటల కాగితం మీద సంతకం పెట్టబోయారు. "ఆ మధ్యాహ్నం కూడా వేసేస్తున్నా."

"వద్దండీ. నేను ఫోనెత్తాను. అది పని."

"ఓసి పిచ్చిపిల్లా! అంతకంటే గమనించడం ఇంకేముంటుందే?"

"రేపు వాళ్లడిగితే నేను అబద్ధం చెప్పలేనండీ," అంది టెస్సా. చెప్పి మళ్లీ వెళ్లి మూలన నిలబడింది. కన్ను కాపాడిన మధ్యాహ్నానికి బదులుగా, ఏమీ చేయని మధ్యాహ్నం ఒకటి పూర్తి చేసింది. న్యాయం అంటే ఇలా ఉండాలి!

శరదృతువులో ఇంటర్వ్యూ వచ్చింది. క్లినిక్ వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది టెస్సా. తెర మీద ముగ్గురు పెద్దలు. "గమనించేటప్పుడు మీరు నేర్చుకున్నదేమిటి?" అని అడిగారు. టెస్సా ఎమిల్ సంగతి చెప్పి, "ఆ మధ్యాహ్నం నేను లెక్కలో వేయలేదండీ," అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే బయట ఫోను మోగింది. టెస్సా కదలకుండా కూర్చుంది. మోగుతూనే ఉంది. మోగేకొద్దీ ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యలో కూర్చున్నావిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "వెళ్లి ఎత్తమ్మా. మేం ఉంటాం."

సీటొచ్చింది! జానిన్ ఏడ్చి, నవ్వి, క్యాలెండరు చింపి, చెల్లెలికి ఫోను చేసి క్షమాపణ కూడా చెప్పింది. ఊరు ఊరంతా చర్చి హాల్లో కొలాచీలు తిన్నది. ఎమిల్ రెండు కళ్లతోనూ చూసి మరీ పెద్దది ఏరుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో టెస్సా చదువుకు వెళ్లిపోయింది.

స్టికా గారు ఆ ఉద్యోగానికి మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. టెస్సాను చూసి మా కౌంటీ పిల్లల్లో కంటి చదువు మీద మోజు ఒక్కసారిగా పెరిగిపోయింది కదా, బోలెడంత మంది వచ్చారు. అందరూ తెలివైనవాళ్లే, అందరూ ముందే ప్లాను వేసుకున్నవాళ్లే.

"జీతం ఎంత అడుగుతావు బాబూ?" అన్నారట స్టికా గారు మొదటి కుర్రాడితో.

"అయ్యో, జీతం వద్దు సార్! జీతం తీసుకుంటే లెక్కలోకి రాదు. నాకు ఒక మూల ఇప్పించండి చాలు."

గదికి ఉన్నవి నాలుగు మూలలు. నాలుగూ నిండిపోయాయి. ఐదో పిల్ల తలుపు వెనక నిలబడుతోందట. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, ఎంతో శ్రద్ధగా, స్టికా గారు సొరుగులు లాగడం గమనిస్తున్నారు. ఈ దృశ్యం చూసి ఏ దేశభక్తుడికి కళ్లు చెమర్చవు?

నాకు చెమర్చాయో లేదో నాకే తెలియడం లేదు. పోయిన నెల నా కళ్లజోడు మీద నేనే కూర్చున్నాను. టేపు వేసి నెట్టుకొస్తున్నాను, ఇందులో అచ్చుతప్పులుంటే మన్నించండి. అపాయింట్‌మెంటు కోసం రోజూ క్లినిక్‌కి ఫోను చేస్తున్నాను. చక్కగా మోగుతోంది. మోగుతున్న సంగతి ఐదుగురూ గమనించారని నిన్న స్టికా గారే చర్చి దగ్గర చెప్పారు.

మరో పదేళ్లలో మా కౌంటీకి కంటి డాక్టర్ల కొదవే ఉండదు. ఈ వారానికి మాత్రం ఒక్క మనిషి కావాలి. మూలలోంచి కదిలేవాళ్లు అయితే చాలు.