ఏనుగు కొన్న శంఖం

ఒక పెద్ద అడవిలో చెట్లు అయిపోయాక ఇసుక, ఇసుక అయిపోయాక సముద్రం. ఆ ఇసుక మీద ఒక చిన్న ఊరు. దారీ డొంకా లేని ఊరు. అడవి పటంలో అయితే ఆ చోట ఎవరో చెయ్యి తుడుచుకున్న మరక తప్ప మరేమీ ఉండేది కాదు.

ఊళ్లో ఉండేవన్నీ పీతలే. వాటికి వెనకభాగం మెత్తన. అందుకే సముద్రం పారేసిన శంఖాల్లో దూరి కాపురం చేసేవి. ఎక్కడికెళ్లినా ఇల్లు వీపున వేసుకునే వెళ్లేవి. అయితే పీత పెరుగుతుంది గానీ శంఖం పెరగదు కదా. దానికి ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది, దాన్ని వరస అంటారు.

పున్నమి పోటు తీసేసిన పొద్దున సముద్రం ఒక పెద్ద శంఖాన్ని ఒడ్డున వదిలి వెళుతుంది. పీతలన్నీ పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా బారుగా నిలబడతాయి. ముందున్న పీత కేక వేయగానే అన్నీ ఒక్కసారి ఇళ్లలోంచి బయటికి వస్తాయి. మొదటిది కొత్త శంఖంలోకి, రెండోది మొదటిది వదిలిన దాంట్లోకి, మూడోది రెండోదాని దాంట్లోకి. కన్ను మూసి తెరిచేలోగా ఊరంతా ఇల్లు మారిపోతుంది. కొనడం లేదు, అమ్మడం లేదు, కాగితం అసలే లేదు.

నూకాలు ఆ వరసలో రెండోది. ఏడాదిగా దానికి ఇల్లు బిగుతు. అన్ని కాళ్లూ లోపలికి లాక్కుంటే ఒకటి మాత్రం బయటే ఉండిపోయేది. బయటున్న కాలిని చూస్తే కాకులు ఊరుకుంటాయా? పోయిన నెలలోనే ఆ కాలి కొస కాస్తా పోయింది. నూకాలు ఆశంతా ముందున్న పోలయ్య బావ శంఖం మీదే. గోధుమరంగు చారలతో, లోపల నున్నగా, చక్కగా ఉంటుంది. పున్నమికి ఇంకా పదే రోజులు.

ఆ పది రోజుల్లోనే ఉడుము దిగబడ్డాడు.

ఉడుము అడవిలో స్థలాల బ్రోకరు. పట్టుకున్నవాణ్ని సంతకం పెట్టేదాకా వదలడని పేరు. వెంట ఒక ఏనుగు గారిని తీసుకొచ్చాడు. ఏనుగు గారు అడవి కార్యాలయంలో పెద్ద పదవి చేసి దిగిపోయారు. ఇప్పుడు చేసేందుకు పనేమీ లేదు గానీ హోదా మాత్రం పోలేదు.

"పులి గారికి సముద్రం ఒడ్డున ఇల్లుందట. దున్న కూడా చూస్తున్నాడట. నాకు లేకపోతే ఏం బాగుంటుందయ్యా?" అన్నారు ఏనుగు గారు.

ఉడుము పోలయ్య శంఖం చూపించాడు. ఏనుగు గారు కాలి గోటితో కొలిచి చూసుకుని మొహం చిట్లించారు.

"చిన్నదిగా ఉందే?"

"సార్! ఇది ఉండడానికి కాదు, పెట్టుబడికి. ఒకసారి చెవి పెట్టి వినండి."

ఏనుగు గారు అంత చెవినీ శంఖానికి ఆనించారు. లోపల హోరుమంది.

"విన్నారా? అందరూ సముద్రం కనపడే ఇల్లు అమ్ముతారు. ఇందులో సముద్రమే ఉంది సార్!"

ఏనుగు గారికి కళ్ల నీళ్లు తిరిగాయి. పోలయ్య మాత్రం లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు, చెవి తగిలి దొర్లిపోతానేమోనని.

ఆ సాయంత్రం ఉడుము పోలయ్య గుమ్మంలో కూలబడ్డాడు. "ఎలాగూ పున్నమికి ఖాళీ చేసే ఇల్లే కదా. నీకు కొత్త శంఖం వస్తుంది. పాతదాన్ని ఉత్తినే వదిలేస్తావా? ఆరు కొబ్బరికాయలు, ఏనుగు గారే తొక్కి పగలగొట్టి ఇస్తారు. ఒక్కటే మాట. పక్కవాళ్లకి చెప్పకు, రేటు పడిపోతుంది."

మర్నాడు నూకాలు గుమ్మంలో కూడా ఇదే మాట, కాయలు మాత్రం నాలుగు. నూకాలు ఒకంతట ఒప్పుకోలేదు. తన వెనక గంగులుంది. తన ఇంటికోసం గంగులు ఎంత ఎదురుచూస్తోందో తనకి తెలుసు.

"నా ఎనక గంగులుంది బాబూ. దాని గతేటి?"

"ఊరందరి గతీ నువ్వే చూస్తావా అమ్మా? అంత పెద్ద సముద్రం ఉంది, ఇంకోటి తేకపోతుందా?"

నూకాలు పోలయ్య దగ్గరికి వెళ్లింది. "బావా, నీ ఇల్లు ఎవులికీ ఇచ్చీనేదు గదా?"

"నాకేటి పిచ్చా? తాతల కాడినుంచీ ఉన్న వరస ఇది!" అన్నాడు పోలయ్య, కొబ్బరి మూతి తుడుచుకుంటూ.

ఆ మూతి నూకాలుకి కనబడింది. కనబడినా నమ్మింది. నమ్మకపోతే తన నాలుగు కొబ్బరికాయలూ పోతాయి మరి. దారిలో గంగులు ఎదురై, "అప్పా, ఈ పున్నమికి నీ ఇల్లు నాకే గదా?" అంటే, "నీక్కాక ఎవులికే?" అంది. అనగానే సిగ్గేసింది. అయినా ఆ రాత్రి ఉడుము ఇచ్చిన కొబ్బరి కమ్మగానే ఉంది.

పున్నమి పోటు తీసింది. తెల్లారేసరికి ఒడ్డున పాలరంగు శంఖం, పోలయ్యకి అచ్చంగా సరిపోయేది. ఊరంతా వరస కట్టింది. పోలయ్య "హైలెస్సా!" అన్నాడు. పీతలన్నీ మెత్తటి ఒళ్లతో బయటికొచ్చాయి.

పోలయ్య పాలరంగు శంఖంలోకి దూరబోయి ఆగిపోయాడు. మూతికి మైనం పెట్టి ఉంది. పక్కన పలక: 'ఎలుగుబంటి గారి అతిథి గృహం'. శంఖం ఇంకా సముద్రంలో ఉండగానే దాన్ని పంచాయతీ ప్రీ లాంచ్‌లో అమ్మేసిందన్నమాట.

నూకాలు చారల శంఖం వైపు పరిగెత్తింది. ఈలోపే ఉడుము దానికీ మైనం పెట్టేశాడు, పలక మీద ఏనుగు గారి పేరు. వెనక్కి తిరిగి చూసుకుంటే తన పాత ఇల్లు కూడా మూసేసి ఉంది. దాని ముందు గంగులు నిలబడి నూకాలు మొహంలోకి చూస్తోంది. గంగులు ఇంటికీ పలక ఉంది. దాని వెనకవాళ్ల ఇంటికీ ఉంది. ముందున్నవాడు ఖాళీ చేస్తాడు కదా అని ఊరంతా తలా ఒక ఇల్లు అమ్ముకుంది. ఎవరూ ఎవరితోనూ చెప్పలేదు.

"ఓలమ్మో! అందరం ఒకటే పని సేసినామేటే!" అంది నూకాలు.

ఏడ్చుకుంటూ పంచాయతీకి వెళ్లారు. సర్పంచి గూడబాతు. ఊరి దస్తావేజులన్నీ ఆయన గొంతు సంచిలోనే, పొద్దుటి చేపలతో పాటు.

"మీకు నివాస పత్రం ఉందా?" అన్నాడు గూడబాతు.

"నివాసమే లేకపోయె గదా బాబూ!"

"నివాసం లేనివాళ్లకి పత్రం ఇవ్వరు. పత్రం లేనివాళ్ల ఫిర్యాదు తీసుకోరు. అయినా నేను గుండె లేనివాణ్ని కాను." అంటూ నోరు బార్లా తెరిచాడు. "ఇల్లు దొరికేదాకా నా సంచిలో తలదాచుకోండి. తాత్కాలిక పునరావాసం."

ఎండ మండుతోంది. పైన కాకులు తిరుగుతున్నాయి. రెండు పీతలు దండం పెట్టి లోపలికి వెళ్లాయి. గూడబాతు మర్యాదగా నోరు మూసి గుటక వేశాడు. "సర్దుకున్నారు. ఇంకా చోటుంది," అన్నాడు.

గంగులు కూడా కాలు పెట్టబోయింది. ఆ గుటక నూకాలు చూసింది. దాన్ని కాలు పట్టి వెనక్కి ఈడ్చి, ఇసుక మీద లాక్కుపోయింది. తను తిని పారేసిన కొబ్బరికాయ అక్కడే పడుంది, రెండు చిప్పలుగా. ఒక చిప్ప గంగులు మీద బోర్లించింది, ఒకటి తన మీద వేసుకుంది. అది చూసి మిగిలినవాళ్లూ ఎవరి చిప్పలు వాళ్లు వెతుక్కున్నారు.

"నిన్ను మోసం సేసినానే గంగులూ," అంది నూకాలు చిప్ప కిందనుంచి.

"నాను నా ఎనకదాన్ని సేసినాను అప్పా," అంది గంగులు.

అమావాస్య పోటు వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఏ ఇల్లూ మునగలేదు. ఎందుకంటే నీళ్లు పొంగగానే పీతలు ఇళ్లని ఎత్తుకుని మెరకకి పాకేవి. ఈసారి చిప్పలు పాకాయి. శంఖాలు ఉన్నచోటే ఉన్నాయి, వాటికి కాళ్లు లేవు. పలకలతో సహా సముద్రం అన్నిటినీ లాక్కుపోయింది.

రెండు రోజుల తర్వాత ఏనుగు గారు సకుటుంబంగా వచ్చారు. "నా ఇల్లేదీ?"

గూడబాతు సంచిలోంచి తడికాగితం తీశాడు. "రికార్డులో భద్రంగా ఉంది సార్. సముద్రం ముందుకొచ్చినట్టు రికార్డులో లేదు."

"పైగా మీ అదృష్టం పండింది!" అన్నాడు ఉడుము. "మొన్నటిదాకా అది సముద్రం ఒడ్డున ఇల్లు. ఇప్పుడు సముద్రంలోనే ఇల్లు. దున్న గారు రెట్టింపు ఇస్తామంటున్నారు."

"రెట్టింపేనా?" అన్నారు ఏనుగు గారు, అప్పటికే బేరంలోకి దిగిపోయి.

నూకాలు ఉండబట్టలేక అడిగింది. "బాబూ, ఆ నీళ్లల్లో ఎవులుంటారు?"

ఏనుగు గారు వింతగా చూశారు. "ఉండడమేమిటి? ఆస్తి గురించి మాట్లాడుతుంటే!"

అప్పుడు ఉడుము చూపు నూకాలు వీపు మీద పడింది. కళ్లు మెరిశాయి. "అబ్బ! కొబ్బరి చిప్ప ఇల్లు! చల్లగా, ప్రకృతి సిద్ధంగా... ఎంతకిస్తావమ్మా?"

నూకాలు కాళ్లు లోపలికి లాక్కుంది. ఏడాది తర్వాత మొదటిసారి అన్ని కాళ్లూ లోపల పట్టాయి. చిప్ప అంచు ఇసుకలోకి దిగేలా గట్టిగా పట్టుకుని కదలకుండా కూర్చుంది. పక్కనే గంగులు చిప్ప కూడా ఇసుకలోకి దిగింది.

కాస్త అవతలనుంచి పోలయ్య గొంతు మాత్రం వినబడింది. "ఎన్ని కాయలిత్తారేటి?"

ఈ కథ వల్ల తెలిసేదేమిటని ఉడుముని అడిగితే ఇలా చెప్పాడు: అందులో ఉండాలన్న ఆశ లేనంతకాలం ఇంటిని మించిన ఆస్తి లేదు.