తేనెటీగలున్నవి, దాటరాదు

గురువారం ఉదయం ఏడింటికి రిటైర్డు సూపరింటెండెంటు గారు ఒక తెల్లకాగితం తీసుకుని, స్కేలుతో మార్జిన్ గీసి, ఆదివారం కార్యక్రమం రాసుకున్నారు. ఎనిమిదీ యాభైకి కారు బయటికి తీయుట. తొమ్మిదీ ఇరవైకి స్టేషను చేరుట. తొమ్మిదీ నలభైకి భార్యను రైలు దింపుకొనుట. మూడు ముక్కలకు మార్జిన్ ఎందుకని అడగకూడదు. ముప్పై మూడేళ్లు ఆఫీసులో పనిచేసిన చెయ్యి అది.

భార్య ఇంట్లో లేక రెండు నెలలైంది. ఆయన పెళ్లిరోజు మరిచిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పెట్టెలు సర్దుకుని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ అన్న మాట ఆయనకు పొల్లుపోకుండా గుర్తుంది. "ఎప్పటెప్పటి ఫైళ్ల నంబర్లూ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నన్ను చేసుకున్న తేదీ మాత్రం గుర్తుండదు." ఈ రెండు నెలల్లో ఆయనకు ఇల్లు ఎంత పెద్దదో తెలిసొచ్చింది. ఆవిడ లేకపోతే తనకు తోచదని, తినబుద్ధి కాదని, చివరికి పేపరు చదివినా ఎవరికీ వినిపించకపోతే అది చదివినట్టే ఉండదని కూడా తెలిసొచ్చింది. ఫోనులో ఆ ముక్క చెప్పడం మాత్రం చేతకాలేదు.

ముందురోజు సాయంత్రం ఆవిడే ఫోను చేసింది.

"ఆదివారం తొమ్మిదీ నలభై బండికి వస్తున్నా. పోయినసారి ముప్పావుగంట నిలబెట్టారు. ఈసారి ప్లాట్‌ఫారం మీద మీరు కనబడలేదో, తొమ్మిదీ నలభై ఎనిమిదికి ఎదురు బండి ఉంది. ఎక్కి వెళ్లిపోతా."

"ఉంటానే! ముందే వచ్చి కూర్చుంటా."

"చూస్తాగా."

నిజానికి పోయినసారి తప్పు ఆయనది కాదు. ఆయన ఇల్లు కొండ భుజం మీద, ఒక వీధికి చిట్టచివర ఉంది. ఇల్లు దాటగానే ఇనుప గేటు. ఆ గేటు నుంచి ఒక బాట మెలికలు తిరుగుతూ అవతలివైపు రైలు స్టేషనుకు దిగుతుంది. నడిస్తే పావుగంట. కానీ మూడు పెట్టెలతో ఆవిడ ఆ బాట ఎక్కిరాలేదు గనక కారులో కొండంతా చుట్టి అరగంట ప్రయాణం చేయాల్సిందే. వారమంతా ఆ వీధిలో కాకి కూడా వాలదు. ఆదివారం వచ్చిందంటే మాత్రం లావు టైర్ల సైకిళ్లను కార్ల నెత్తిన కట్టుకుని ఊరంతా అక్కడే దిగుతుంది. వాళ్లు చాలరన్నట్టు ఆయన పెరటిగోడ వెనక నాలుగంతస్తుల ఎత్తు బండ ఒకటి నిట్టనిలువుగా స్టేషను వైపు దిగుతుంది. దానికి తాళ్లు వేసుకుని ఎక్కి దిగేవాళ్లు వేరే. పక్కనే చక్కని బాట ఉండగా బండను కావలించుకుని పాకడమేమిటో ఆయనకు ఏనాడూ బోధపడలేదు. ఎవరు వచ్చినా కారు ఆపేది మాత్రం ఆయన గేటు ముందే. అడిగితే "రెండు నిమిషాలు అంకుల్" అంటారు. ఆ రెండు నిమిషాలు మధ్యాహ్నం రెండింటికి పూర్తవుతాయి.

బాట మూసేస్తే సైకిళ్లు రావు, సైకిళ్లు రాకపోతే కార్లు రావు అని ఆయనకు కాఫీ తాగుతుండగా తట్టింది. వెంటనే ఇంకో కాగితం తీసి, మార్జిన్ గీసి, ఇలా రాశారు:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ బాటయందు తేనెటీగల సంచారము అధికముగా ఉన్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు పాదచారులు, సైకిలుదారులు, పెంపుడు జంతువులు మరియు వాటి యజమానులు ఎవరునూ ఈ ద్వారము దాటరాదు."

తాళ్లవాళ్లను కూడా కలుపుదామనుకున్నారు గానీ, వాళ్లను ఏమనాలో ఆఫీసు భాషలో మాట దొరక్క వదిలేశారు. కింద ఎవరికీ అర్థం కాని సంతకం గిలికి, దాని కింద అలవాటు చొప్పున రెండు గీతలు గీశారు. ఫైలు నంబరు లేని కాగితం ఆయన దృష్టిలో కాగితమే కాదు గనక, చేతికి వచ్చింది వచ్చినట్టు 1908/91 అని వేశారు. ఎవరూ చూడకుండా గేటుకు అంటించి వచ్చారు. ఆదివారం సాయంత్రం చించేస్తే సరిపోతుంది.

ఆ నోటీసు మామూలుగా రాసి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. దాని భాష చూసి శుక్రవారం పొద్దున సైకిళ్ల సంఘం అధ్యక్షురాలికి మతిపోయింది. ఆవిడ వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. నోరు తెరిపించడం తెలిసిన మనిషి. సరాసరి కొండను చూసుకునే ఆఫీసుకు ఫోను చేసింది.

"మీ ఫైలు నంబరు పంతొమ్మిది వందల ఎనిమిది బార్ తొంభై ఒకటి. బాట ఎప్పుడు తెరుస్తారు?"

ఆఫీసులో గుమాస్తా ఆ ఫైలు కోసం మధ్యాహ్నం దాకా వెతికాడు. తొంభై ఒకటి నాటి బీరువా తెరిస్తే చెదపురుగులు తప్ప ఏమీ లేవు. ఆఫీసరు చేరి మూడు వారాలైంది. వచ్చీరాగానే ఫైలు పోయిందని పైకి రాయడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

"అలాంటి ఫైలే లేదని చెప్పేద్దామా సార్?" అన్నాడు గుమాస్తా.

"గేటు మీద నంబరుతో సహా నోటీసు ఉందయ్యా. ఫైలు లేకుండా నోటీసు ఎలా వస్తుంది? పోయి ఉంటుంది. పోయిందని ఎవరికీ తెలియకముందే తయారుచెయ్."

సాయంత్రానికల్లా ఫైలు తయారైంది. మొదటి కాగితానికి తేదీ కావాల్సి వచ్చి, నంబరు చూసి పంతొమ్మిదో తేదీ, ఎనిమిదో నెల, తొంభై ఒకటి అని వేసేశాడు గుమాస్తా. కొండ మీద ముప్పై ఏళ్లకు పైగా తేనెటీగలు ఉన్నట్టు, ఆఫీసు వాటిని కంటికి రెప్పలా కనిపెట్టి ఉన్నట్టు తేలింది.

శనివారం ఇద్దరు మనుషులొచ్చి గేటుకు తాళం వేసి, ఎర్రజెండాలు కట్టారు. సూపరింటెండెంటు గారి నోటీసుకు నకళ్లు తీసి, ముద్ర వేసి, ఒకటి ఇక్కడా ఇంకొకటి స్టేషను వైపునా అంటించారు.

"ఎవరి ఆర్డరు బాబూ?" అని ఆయన గోడ మీది నుంచి బెరుగ్గా అడిగారు.

"పాత ఆర్డరేనండి. తొంభై ఒకటి నుంచీ ఉందట. మీరు మాత్రం కిటికీలు మూసుకోండి."

ఆయనకు ముందు గుండె ఆగినంత పనైంది. తరువాత కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తను రాసిన ఏ కాగితం మీదా సర్వీసులో ఉండగా ఎవరూ ఇంత త్వరగా చర్య తీసుకోలేదు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు.

ఆదివారం ఎనిమిదీ నలభైకి ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ తలుపు తీశారు. వీధి కనబడలేదు. కార్లు కనబడ్డాయి.

బాట మూశారని సైకిళ్ల సంఘం నిరసనకు వచ్చింది, మామూలుగా వచ్చేవాళ్లకు మూడింతలు. బాట మూసినా బండ తెరిచే ఉందని తాళ్లవాళ్లు వచ్చారు. ముప్పై ఏళ్ల తేనెటీగలను చూడాలని కీటకాల ప్రొఫెసరు ఒకాయన బైనాక్యులర్సుతో, పదిమంది శిష్యులతో వచ్చారు. నిరసన జరుగుతోంది కాబట్టి ఆఫీసరు స్వయంగా వచ్చారు. ఆఫీసరు జీపు సరిగ్గా సూపరింటెండెంటు గారి గేటుకు అడ్డంగా ఉంది.

"సార్, ఆ జీపు కొంచెం తీయిస్తే..." అన్నారు ఆయన.

"తీయాలంటే వెనక తెల్లకారు తీయాలండి. అది తీయాలంటే దాని వెనక వ్యాను తీయాలి. వ్యాను ఆయన టీకి వెళ్లారు," అన్నాడు ఆఫీసరు ఎంతో మర్యాదగా.

తొమ్మిదయింది. తొమ్మిదీ పదయింది. సూపరింటెండెంటు గారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. కారు ఆశ వదులుకుని ఇనుప గేటు దగ్గరికి పరుగెత్తారు.

"తాళం తీయండి. నడిచి దిగిపోతా. పావుగంట పని."

"పాదచారులు కూడా వద్దని ఆర్డరుంది సార్."

"ఆ ఆర్డరు నేనే రాశానయ్యా!"

ఆఫీసరు జాలిగా చూశాడు. "ఈ ఫైలు నేను పుట్టకముందు నుంచి ఉంది సార్."

"తేనెటీగలు లేవు! ఒక్కటి కూడా లేదు! నా కారు బయటికి తీసుకోవడానికి నేనే అబద్ధం రాశాను!"

"లేవని రాతపూర్వకంగా ఇవ్వండి. పరిశీలించి పదిహేను పనిదినాల్లో తెలియజేస్తాం."

ఆ వాక్యం సూపరింటెండెంటు గారికి బాగా తెలుసు. ముప్పై మూడేళ్లు కిటికీకి ఇవతల కూర్చుని తను వందలమందికి చెప్పిందే. అవతల నిలబడి వింటే అది ఇలా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఏమన్నారూ? మీరే రాశారా?" జనాన్ని తోసుకుని పళ్ల డాక్టరమ్మ ముందుకొచ్చింది. సైకిలు హెల్మెట్టు చంకలో ఉంది, కళ్లలో నిప్పులున్నాయి. "ఒక్క మనిషి కారు కోసం ఇంతమంది దారి మూసేస్తారా?"

"తప్పేనమ్మా." ఆయన చేతులు జోడించారు. "మా ఆవిడ అలిగి వెళ్లి రెండు నెలలైంది. తొమ్మిదీ నలభైకి కింద స్టేషనులో దిగుతుంది. నేను కనబడకపోతే ఎదురు బండెక్కి వెళ్లిపోతుంది. ఇక రాదమ్మా, నాకు తెలుసు. అది లేకపోతే నాకు ఆ ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు."

జీపుకు ఆనుకున్న మనిషి మెల్లగా జీపు వదిలి నిలబడ్డాడు. డాక్టరమ్మ వాచీ చూసుకుంది. అప్పటిదాకా నోటీసు చదువుతున్న తాళ్ల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన తాళ్లవాళ్లకు గురువు; చేతులు కొబ్బరిపీచులా ఉంటాయి.

"ఇందులో మా ఊసే లేదే. పాదచారులు, సైకిళ్లు, జంతువులు, యజమానులు. అది కూడా ఈ ద్వారం దాటకూడదనే ఉంది. బాబాయ్‌గారి పెరటిగోడ ద్వారం కాదుగా?"

ఆఫీసరు నోటీసును మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం తేటపడింది. "తాడు మీద వేలాడేవారి గురించి ఆర్డరులో ఏమీ లేదు. నాకు అభ్యంతరం లేదు."

తొమ్మిదీ ముప్పైకి సూపరింటెండెంటు గారి నడుముకు, తొడలకు పట్టీలు బిగించారు. డాక్టరమ్మ తన హెల్మెట్టు ఆయన నెత్తిన పెట్టి గడ్డం కింద బిగించింది.

"బండ మీద మాకు పన్నెండు దారులున్నాయి బాబాయ్‌గారూ. అన్నిటికీ పేర్లున్నాయి," అన్నాడు తాళ్ల మాస్టారు. "మిమ్మల్ని దించేదాని పేరు 'పెన్షను'."

"ఆ పేరెందుకు పెట్టారయ్యా?"

"మెల్లగా వస్తుంది. కానీ తప్పకుండా వస్తుంది. కిందికి మాత్రం చూడకండి."

ఆయన చూశారు. ఎక్కడో పాదాల కింద ప్లాట్‌ఫారం స్కేలంత కనబడింది. దాని మీదికి రైలు వస్తోంది. ఆయన కళ్లు మూసుకుని, తనకు తెలిసిన దేవుళ్లందరినీ సీనియారిటీ ప్రకారం తలుచుకున్నారు. సగం దిగాక చెవి దగ్గర జుయ్‌మని వినబడి కళ్లు తెరిచారు. ఒకే ఒక్క తేనెటీగ ఆయన ముక్కు చుట్టూ తిరుగుతోంది.

"పో! నువ్వు లేవు! పో!" అని ఆయన బతిమాలారు.

"ఒకటి కనబడింది! రాసుకోండి, రాసుకోండి!" అని పైనుంచి ప్రొఫెసరు గారు కేక పెట్టారు. ఆఫీసరు రాసుకున్నాడు.

రైలు దిగిన జనమంతా తలలెత్తి బండ వైపు చూస్తున్నారు. ఆవిడ మూడు పెట్టెల మధ్య నిలబడి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. ఆయన లేరు. పెదవి బిగించింది. ఎదురు బండి వచ్చి ఆగింది. ఒక పెట్టె పైకెత్తి బండిలో పెట్టబోతూ, అందరూ చూస్తున్నారే అని తనూ ఒకసారి బండ వైపు చూసింది. ఎవడో పిచ్చివాడు తాడుకు వేలాడుతూ చేతులతో గాలిని కొడుతున్నాడు. ఆ నీలం చొక్కా తను కొన్నదే.

నడుము పట్టీల ఇనుప కొక్కేలు గలగలలాడుతుండగా ఆయన స్టేషను కంచె పక్కనుంచి దూరి పరుగెత్తుకుంటూ వచ్చారు. ప్యాంటు మోకాలు దగ్గర చిరిగింది. ముక్కు ఎర్రగా ఉబ్బింది.

"నలభై... ఏడు," అన్నారు రొప్పుతూ, గడియారం వైపు చెయ్యి చూపించి. "ఇంకా నిమిషం ఉంది."

"మీరు... ఆ బండ మీది నుంచి... నాకోసమా?"

"మరి ఇంకెవరు దిగుతున్నారు ఈ బండికి?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. అలా తుడుచుకుంటూ పక్కకు తిరిగేసరికి బాట మొదట్లో ఎర్రజెండాల మధ్య నోటీసు కనబడింది. దగ్గరికి వెళ్లి కళ్లజోడు పెట్టుకుని చదివింది. సంతకం కింద రెండు గీతల దగ్గర ఆగింది.

"ఏమండీ. ఇది మీ రాతే."

ఆయన తల దించుకున్నారు.

"ఇదేమిటి, ఈ నంబరు?" ఆవిడ వేలు ఫైలు నంబరు మీద నిలిచింది. "పంతొమ్మిది, ఎనిమిది, తొంభై ఒకటి. మన పెళ్లి తేదీ!"

ఆయన నోటీసు వైపు చూశారు. రాసిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆ సంగతి ఆయన గమనించనే లేదు. రెండు నెలలుగా తల్లో తిరుగుతున్న తేదీని చెయ్యి తనంతట తానే రాసేసింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ ముఖం చూసి, ఉద్యోగంలో నేర్చుకున్న తెలివంతా ఉపయోగించి మూసుకున్నారు.

ఎదురు బండి కూత వేసి వెళ్లిపోయింది. మూడు పెట్టెలూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి.

తేనెటీగలు లేవని ఆయన రాతపూర్వకంగా ఇచ్చారు. సరిగ్గా పదిహేను పనిదినాలకు బాట తెరిచారు. ఇప్పుడు ఆదివారాల్లో ఆయన గేటు ముందు ఎవరూ కారు ఆపరు. ఆపితే పళ్ల డాక్టరమ్మ ఊరుకోదు. ఫైలు మాత్రం మూతపడలేదు, అందులో ఒక తేనెటీగ ఉన్నట్టు నమోదైంది గనక. ఏటా ఆగస్టు మొదట్లో ఆఫీసు నుంచి ఆయనకు ఉత్తరం వస్తుంది: "ఫైలు నంబరు 1908/91. ఈ నెల పంతొమ్మిదో తేదీలోగా తేనెటీగ ప్రస్తుత పరిస్థితి తెలియజేయవలెను." ఆ తరువాత ఆయన పెళ్లిరోజు మరిచిపోయింది లేదు.

ఆఫీసువాళ్లు ఆ ఉత్తరం పంపడం ఎక్కడ మరిచిపోతారోనని, జూలైలోనే ఆయన వాళ్లకొక రిమైండరు పంపుతారు.