నూకరత్నం గుమ్మం దాటిన రోజు

రెండువేల పదకొండు ఆగస్టు పద్నాలుగు, ఆదివారం మధ్యాహ్నం తోటకూర కాడల పులుసుతో అన్నం తిని చిట్టూరి భాస్కరం మొదలుపెట్టిన కథలో, ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ నర్సు నూకరత్నం, పన్నెండేళ్లు అలాగే నిలబడి, చివరికి సామర్లకోటలోని అసంపూర్తి పాత్రల కార్యాలయంలో అతని మీద అర్జీ పెట్టుకుంది. అర్జీ నియమాల ప్రకారమే ఉంది. ఏ పాత్రనూ పదేళ్లకు మించి ఒకే భంగిమలో ఉంచరాదు. ఉంచితే ఆ పాత్రను వ్యాపార ప్రకటనల విభాగానికి శాశ్వతంగా బదిలీ చేస్తారు. నూకరత్నం కోసం నడుంనొప్పి తైలం ప్రకటనలో ఖాళీ కూడా చూసి పెట్టారు.

భాస్కరం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైనవాడు. నోటీసు అందిన మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఒక పెళ్లికొడుకు రెండు ముళ్లు వేసి మూడోది వేయకుండా సూత్రం పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లికూతురు వంచిన తల వంచినట్టే ఉంచి కునుకు తీస్తోంది. ఒకాయన టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆరేళ్లయింది. ప్యూను అటుగా వెళ్లినప్పుడల్లా ఆ గ్లాసు మీద ఈగలు తోలి పోతున్నాడు. ఆ పని అతని విధుల్లో లేదు. భాస్కరం అది గమనించి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

లోపల సీనియర్ అసిస్టెంట్ మాణిక్యాంబ ఫైలు ముందు పెట్టుకుని కూర్చుంది.

"ముద్దాయి మీరేనాండీ?"

"రచయితనండీ."

"ఇక్కడ రెండూ ఒకే గడిలో రాస్తామండీ. కూర్చోండి."

బల్లకు అవతల నూకరత్నం చేతిలో మందుల సంచితో నిలబడి ఉంది. కూర్చుందని భాస్కరం ఎక్కడా రాయలేదు గనక ఆమె కూర్చోలేదు.

"నలభై మూడుసార్లు తలుపు కొట్టించారండీ ఈయన," అంది. "వానలో తడిపి కొట్టించారు. ఎండలో మాడ్చి కొట్టించారు. చీర ఏడుసార్లు మార్పించారు. ఒక్కసారంటే ఒక్కసారి లోపలికెళ్లమన్లేదండీ."

"మొదటి పేరా ఇంకా కుదర్లేదమ్మా," అన్నాడు భాస్కరం.

మాణిక్యాంబ కళ్లజోడు తీసింది. "మొదటి పేరా ఎవరికీ కుదరదండీ. లోపలంతా తిరిగొచ్చాక అప్పుడు దిద్దుకోవాలి. గోడలు లేపకుండా గుమ్మానికి పసుపు రాసుకుంటూ కూర్చుంటే గృహప్రవేశం ఎప్పుడండీ?"

"బాగా రాదేమోనని భయమండీ."

"రాకపోతే ఏమైందండీ? కథ బాగా ఉండాలని ఏ జీవోలోనూ లేదు. పూర్తవ్వాలని మాత్రమే ఉంది. రోజుకి పది లైన్లు రాయండి. చచ్చు లైన్లయినా సరే. రాసింది పైకి చదువుకోండి, ఎక్కడ నాలిక తడబడితే అక్కడ దిద్దండి. అయ్యేదాకా ఎవరికీ చూపించకండి. మెచ్చుకున్నా ఆగిపోతారు, తిట్టినా ఆగిపోతారు. మూడు రోజులు గడువిస్తున్నాను. ఈవిణ్ణి వెంటబెట్టుకెళ్లండి."

రసీదు అందుకుంటూ భాస్కరం అడిగాడు. "ఇవన్నీ మీకెలా తెలుసండీ? మీరూ రాస్తారా?"

"లేదండీ, నేనూ పాత్రనే. మా రచయిత మూడో అధ్యాయంలో నన్నీ కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని లేచారు. పంతొమ్మిదేళ్లయింది."

"మరి మీరు అర్జీ పెట్టుకోలేదా?"

"పెట్టుకోవాల్సిన కౌంటర్ ఇదేనండీ," అని ఆమె తర్వాతి ఫైలు తీసింది.

నూకరత్నం ఇంటికొచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. మొదటి రోజు భాస్కరం పెన్సిళ్లు చెక్కాడు. రెండో రోజు మొదటి పేరాలో వాన తీసేసి మంచు పెట్టాడు. నూకరత్నం తుమ్మింది. ఆ తుమ్ముకి సిగ్గుపడి, మంచు కొట్టేసి, కింద ఒక చచ్చు లైను రాశాడు: "అరుగు మీద ఒక పీట ఉంది. నూకరత్నం కాసేపు కూర్చుంది."

వంటగదిలో పీట కిర్రుమంది. "అమ్మయ్య," అంది నూకరత్నం పాదాలు నొక్కుకుంటూ. పన్నెండేళ్లలో అతని వాక్యం వల్ల ఒకరికి సుఖం కలగడం అదే మొదలు.

మూడో రోజు సాయంత్రం ఆమే అడిగింది. "ఆ తలుపు లోపలున్నది ఎవరండీ?"

భాస్కరం పెన్సిల్ కింద పెట్టాడు. కథ మొదలుపెట్టిన ఆ ఆదివారం పులుసు వడ్డించింది అతని భార్య హైమవతి. ఈ నర్సు లోపలికెళ్లి ఏం చేస్తుందని అడిగింది కూడా ఆవిడే. ఆ ఏడు మార్గశిరంలోనే ఆవిడ పోయింది.

"నువ్వు లోపలికెళ్తే ఆవిడ పోతుందమ్మా," అన్నాడు.

"నేను బయటుంటే ఉంటారాండీ?" నూకరత్నం మెల్లగానే అంది. "పన్నెండేళ్ల నించి ఆవిడ లోపల ఒక్కరే ఉన్నారు. మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. తలుపు తీయండి బాబూ."

భాస్కరం రాయడం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది. నూకరత్నం కిటికీ రెక్క తీసింది, చెంచాతో గోరువెచ్చటి నీళ్లు పట్టింది, చిక్కులు తీసి జడ అల్లింది. మంచం మీది మనిషి కళ్లు తెరిచి, "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. నూకరత్నం రచయిత వైపు చూసింది.

"సరిపోయింది. చాలా బావుంది," అని భాస్కరం పైకి చదువుతూ రాశాడు. నాలిక తడబడింది. ఆ లైను మాత్రం దిద్దలేదు.

మంచం మీది మనిషి నవ్వి, అటు తిరిగి పడుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. భాస్కరం అంతవరకే రాశాడు.

ఎనిమిదిన్నరకి నూకరత్నం సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. "ఆవిడ నిద్రపోతున్నారండీ. మీరూ పడుకోండి. రేపు ఆఫీసులో ఆ టీ గ్లాసాయన గురించి ఎవరైనా రాస్తారేమో అడగండి," అని, రెక్కలు చప్పుడు కాకుండా అరచేయి అడ్డుపెట్టి, ఆ రాత్రికి తలుపు దగ్గరగా వేసింది.