కొండమీది బడికి రాతి పొయ్యి

"ఈ చలికాలం మా కొండమీది బడిలో పిల్లల పళ్లు పటపటలాడవు! నోరు కదిలితే అది ఎక్కాలు చదవడానికే!" అని చిలీ దేశపు చిలోయే దీవిలోని ఓ రేవూరి మేయరు దొన్ అబెలార్దో ఒయార్సో గారు బడి మెట్లెక్కి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. చలికి చేతులు రుద్దుకున్నవాళ్లనీ మేయరు గారు తన ఖాతాలోనే వేసుకున్నారు.

బడిని వెచ్చబెట్టే కొత్త పొయ్యి కట్టే పని తాపీమేస్త్రీ రెమీహియోకి దక్కింది. అతని భార్య ఎర్సిరా ఆ బడిలోనే పంతులమ్మ. కిందటేడు ఇనుప పొయ్యి కింద రేకు పరిచి సరిపెట్టారు. రేకు నిక్షేపంగా ఉంది, దాని కింద చెక్క నేల బొగ్గయింది. పాతికమంది పిల్లలు వానలోకి పరుగు తీశారు.

"ఇంకోసారి అలాగైతే పిల్లల్ని పంపమని ఏ తల్లినీ అడగలేనయ్యా" అంది ఎర్సిరా.

రెమీహియో నేల తట్టి చూసి మేయరు గారితో చెప్పాడు: "ఇక్కడ నేల కోసెయ్యాలండీ. మట్టిలోంచి రాయి కట్టుకుంటూ పైకి రావాలి. పొయ్యి కిందా, ముందు మూరెడు దాకా కర్రన్నది ఉండకూడదు."

"కోస్తావా? ఇవి మా తాతగారు పరిచిన పలకలు!"

"నిప్పుకి మీ తాతగారు తెలీదు కదండీ."

"పలకలకి రాతి రంగు కొడితేనో?"

"చూడ్డానికి రాయి. కాలడానికి కర్రే."

రెమీహియోకి కావలసింది రాయి. మేయరు గారికి తెలిసింది రాయించడం. వెంటనే ముగ్గురితో కమిటీ వేశారు. కమిటీ మూడు వారాలు నేలని శోధించి, 'ఇది చెక్క' అని నిర్భయంగా తేల్చింది. అనుమతి వచ్చింది.

రెమీహియో చివరి గోడ వారగా భూమిలోంచి పొయ్యి లేపాడు. ముందు మూరెడు రాతి అరుగు పరిచాడు, పొగగొట్టం గోడ బయట కట్టాడు. మంట వేశాక ఎర్సిరా పక్క పలక మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. పిల్లలు కోట్లు విప్పి కూర్చున్నారు. అలా నాలుగు రోజులు.

ఐదో రోజు ఉపమంత్రి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన పడవ దిగేది రేవులో, బడేమో కొండమీద. మధ్యలో మోకాలి లోతు బురద.

"ఆయన బడికి రాకపోతే బడే ఆయన దగ్గరికి వెళ్తుంది. మింగా పెట్టండి!" అన్నారు మేయరు గారు.

మింగా అంటే ఊరంతా కూడి చెక్క ఇంటిని దుంగల మీద ఎడ్లతో లాగడం. లాగినవాళ్లకి కడుపునిండా పెట్టాలి గనక తెలుగు చెవికీ ఆ మాట కొత్తగా ఉండదు.

"మేయరు గారూ, బడి కదుల్తుంది. పొయ్యి కదలదండీ. అది భూమిలోంచి లేచింది."

"అభివృద్ధికి అడ్డు రాకు మేస్త్రీ. అడ్డొచ్చిన గోడ కోసెయ్."

"మరి పిల్లలో?" అంది ఎర్సిరా.

"వాళ్లు జెండాలు ఊపుతారమ్మా."

రెమీహియో పళ్లు బిగించి గోడ కోశాడు. ముప్పై జతల ఎడ్లు ఒక్క ఊపున లాగాయి. పొయ్యి పోయిందనుకునేరు, పోయింది బడి. పొయ్యి ఉన్నచోటే ఉండి వానలో పొగ వదులుతోంది.

రేవులో ఉపమంత్రి గారు రిబ్బను కత్తిరించి లోపలికొచ్చారు. నేలలో బొక్క, గోడలో బొక్క, రెండింట్లోంచీ సముద్రపు గాలి.

ఆయన ఫైలు తిప్పుతూ అడిగారు: "మంటకీ చెక్క నేలకీ మధ్య ఎంత దూరం వదిలారు?"

మేయరు గారు ఛాతీ విరిచారు. "రూలు ప్రకారం మూరెడండీ. మేం నాలుగు వందల మీటర్లు వదిలాం!"

"శభాష్! పిల్లలేరీ?"

"ఒక్కరూ లేరండీ. అంత జాగ్రత్త తీసుకున్నాం."

ఉపమంత్రి గారు ముగ్ధులై, దేశంలోకెల్లా భద్రమైన పొయ్యి అని సంతకం పెట్టారు.

కిటికీలోంచి చూస్తే కొండమీద ఎర్సిరా పిల్లల్ని పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి గొడుగుల కింద ఎక్కాలు చెప్పిస్తోంది. రెమీహియో నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్ భుజానేసుకుని బురదలో పైకెక్కుతున్నాడు.

"ఏయ్ మేస్త్రీ! విందు వదిలేసి ఎక్కడికోయ్?" అని కేకేశారు మేయరు గారు.

"పొయ్యికి బడి కట్టడానికండీ!"

"కర్రలతోనా? చూసుకో, మూరెడు దూరం తప్పకూడదు!"