వృద్ధులు పడరాదు

ఈ పట్టణంలో ఇకమీదట ఏ వృద్ధుడూ, ఏ వృద్ధురాలూ కింద పడటానికి వీల్లేదని పురపాలక సంఘం చైర్మన్ గారు సోమవారం నాడు ప్రకటించారు.

ఆషామాషీగా ప్రకటించలేదు. టౌన్‌హాల్లో మూడు మైకుల ముందు నిలబడి, నాలుగో మైకు ఏదని ఒకసారి కసిరి, ఆ తరువాత ప్రకటించారు. ఈ ఏడాదికి 'వృద్ధుల భద్రతా వత్సరం' అని పేరు కూడా పెట్టారు. "పడటం అనేది పాత పాలకవర్గం మనకి అంటించి పోయిన అలవాటు. మా హయాంలో అది సాగదు" అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరసలో ఒక పెద్దాయన చప్పట్లు కొడుతూ కొడుతూ కుర్చీలోంచి జారి కింద పడ్డాడు గానీ, నిషేధం మర్నాటినుంచి అమలు కాబట్టి అధికారులు ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున ఈ వార్తని లెక్కల టీచరమ్మ తన ఇంటి గేటు దగ్గర నిలబడి, గొంతు చించుకుని చదివింది.

ఆమె చదివేది ఎదురింటి మిషన్ మామ్మ కోసం. నలభై ఏళ్లపాటు వీధిలో అందరికీ బట్టలు కుట్టి పెట్టిన మామ్మకి ఇప్పుడు చూపు మసకబారింది. అందుకని డెబ్బై నాలుగేళ్ల టీచరమ్మ రోజూ పేపరు పట్టుకుని ఎదురింటికి వెళ్లి, అరుగు మీద పక్కన కూర్చుని, చావు కబుర్లు వదిలేసి మిగతావి చదివి వినిపించేది. నాలుగు నెలల కిందట మునిసిపాలిటీ వాళ్లు పూడిక తీస్తామంటూ వచ్చి, టీచరమ్మ వైపు అయిదిళ్ల ముందూ కాలువ మీది బండలు ఎత్తి పగలగొట్టి, పూడిక తియ్యకుండానే వెళ్లిపోయారు. అప్పట్నించీ గేటుకీ రోడ్డుకీ మధ్య రెండున్నర అడుగుల మురుగు కాలువ నోరు తెరుచుకుని ఉంది. కోడలు పొద్దున్నే ఆఫీసు బ్యాగు ముందు అవతలికి విసిరి, ఆ తరువాత తను దూకుతుంది. కొడుకు ఒక చెక్క తెచ్చి వేశాడు. బండ కోసం పెట్టిన అర్జీకి నాలుగు నెలలుగా దిక్కులేదు గానీ, ఆ చెక్కని మాత్రం మునిసిపాలిటీ వాళ్లు గంటలో వచ్చి పట్టుకుపోయారు. కాలువ మీద ఆక్రమణట.

అలా టీచరమ్మ పేపరు పఠనం గేటు దగ్గరికి మారింది. వీధంతా పేపరు కొనడం మానేసింది. టీచరమ్మకి మాత్రం మనసులో వెలితిగానే ఉండేది. మామ్మ పక్కన కూర్చుని నాలుగు నెలలైంది. రహస్యాలు గేటు దగ్గర్నించి అరిచి చెప్పుకోలేరు కదా. పైగా మామ్మకి చెవులు కూడా మొరాయిస్తున్నాయి.

"ఏమే టీచరూ, ఏం నిషేధించారంటున్నావ్?"

"పడటం అక్కా! మనం ఇక పడకూడదట!"

"మంచిదేగా! అయితే బండ వేస్తారన్నమాట!"

టీచరమ్మకి కూడా అలాగే అనిపించింది. పాపం, జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. రెండూ రెండూ కలిపితే నాలుగు వస్తుందనే భ్రమ ఇంకా పోలేదు.

బుధవారం నాడు వృద్ధ సంక్షేమాధికారి స్వయంగా వచ్చాడు. ముప్పై ఏళ్ల చురుకైన యువకుడు, చేతిలో ట్యాబు, కాళ్లకి కొత్త బూట్లు. బూట్ల మీద గౌరవంతో కాలువకి అవతలే నిలబడ్డాడు.

"అమ్మా, సర్వే. మీరు చివరిసారి ఎప్పుడు పడ్డారు?"

"పడలేదు నాయనా."

"పోనీ కొంచెంగా? తూలడం లాంటిది?"

"అస్సలు లేదు. పడకుండా ఉండటానికే ఇక్కడో బండ వెయ్యమంటున్నాను."

అధికారి ముఖం చిన్నబోయింది. "పడనివాళ్లకి మా స్కీములో చోటు లేదమ్మా. 'పడ్డారు' అని ఒక ఆప్షనుంది, 'తరచూ పడతారు' అని ఇంకోటుంది. అంతే."

"బండ అనే ఆప్షన్ లేదా?"

అతను చూపుడు వేలితో ట్యాబుని కిందికీ పైకీ తోశాడు. "చేతికర్ర ఉంది. విజిల్ ఉంది. మెరిసే కోటు ఉంది. మనోధైర్యం ఉంది."

"మనోధైర్యం నా దగ్గర బోలెడుంది. కావాలంటే నీకే కొంచెం ఇస్తాను."

"అయితే విజిలూ కోటూ రాసేస్తానమ్మా" అని అతను సంతోషంగా రాసేసుకుని, రెండూ కాలువ మీదుగా విసిరాడు. వాటితోపాటు చేతికి కట్టుకునే ఒక పట్టీ కూడా విసిరాడు. దాని మీద ఎర్ర బొత్తం ఉంది. పడగానే అది నొక్కితే పట్టీలోంచే కంట్రోల్ రూము పలుకుతుందట. ఇంత ముందుచూపు ఇంకే మునిసిపాలిటీకి ఉంటుంది చెప్పండి!

మర్నాడు పొద్దున టీచరమ్మ ఆ బొత్తం నొక్కింది. పడలేదు. అర్జీలో అడిగినది నోటితో అడిగితే వింటారేమోనని నొక్కింది.

"నమస్కారమండీ, మీరు పడ్డారా?" అంది పట్టీలోంచి ఒక తియ్యటి గొంతు.

"లేదమ్మా, మా ఇంటి ముందు కాలువ..."

"కాలువలో పడ్డారా?"

"పడలేదమ్మా, ఇవతలే ఉన్నాను."

"ఇవతల పడ్డారా?"

"తల్లీ, నేను నిలబడే ఉన్నాను!"

"కంగారు పడకండి మామ్మగారూ. నిలబడటానికి మాత్రం ప్రయత్నించకండి. మావాళ్లు బయల్దేరారు."

సరిగ్గా పదకొండు నిమిషాల్లో నలుగురు మనుషులు స్ట్రెచర్‌తో సహా దిగారు. ఇది ఒప్పుకోవాల్సిన విషయం. నలుగురూ కాలువ దూకారు. మొదటి ముగ్గురూ చక్కగా దూకారు. నాలుగోవాడు స్ట్రెచర్‌తోపాటు కాలువలో పడ్డాడు. నడుముదాకా బురద. టీచరమ్మ గేటు పట్టుకుని చెయ్యందిస్తే, మిగతా ముగ్గురూ కలిసి లాగారు. ఆమె వేడినీళ్లు కాచి కాళ్లు కడిగించి, బెణికిన చీలమండకి గుడ్డ చుట్టి కట్టింది. వాళ్లు ఒక కాయితం మీద ఆమె సంతకం తీసుకుని, నాలుగోవాణ్ణి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్లిపోయారు.

మర్నాటి పేపర్లో వార్త వచ్చింది. "భద్రతా వత్సరంలో తొలి విజయం. కాలువలో పడిన వ్యక్తిని పదకొండు నిమిషాల్లో రక్షించిన సిబ్బంది." టీచరమ్మ దాన్ని గేటు దగ్గర చదివింది. "ఎవర్నే రక్షించారు?" అని మామ్మ అరిచింది. "వాళ్లనే అక్కా!" అని టీచరమ్మ అరిచింది.

అంత ఘనవిజయం దక్కిన వీధిని చైర్మన్ గారు ఊరికే వదిలెయ్యరు కదా. నిషేధించినా కూడా ప్రజలు అక్కడక్కడా పడుతూనే ఉన్నారని నివేదికలు రావడంతో, ఆయన పెద్ద మనసు చేసుకుని ఒక మెట్టు దిగారు. పడక తప్పనప్పుడు పద్ధతిగా పడటం నేర్పించాలని 'సురక్షిత పతన శిక్షణ' అనే కొత్త పథకం తెచ్చారు. దాని ప్రారంభోత్సవం టీచరమ్మ ఇంటి ముందేనని కబురొచ్చింది.

పై వారం గురువారం పొద్దున లారీ వచ్చింది. ఇసుక దిగింది, సిమెంటు దిగింది, నలుగురు మేస్త్రీలు దిగారు. నాలుగు నెలల్లో ఆ వీధిలోకి మునిసిపాలిటీ తరఫున ఒక్క ఇటుక ముక్క రాలేదేమో, టీచరమ్మకి గుండె ఒక్కసారి ఎగిరింది. ఆ పూట మంచినీళ్లు కాలువ మీదుగా తనే అందించింది. మధ్యాహ్నానికి రోడ్డు వైపు కాలువ గట్టు అంచున ఒక దిమ్మ లేచింది. సాయంత్రానికి దాని మీద నల్లరాతి శిలాఫలకం నిలబడింది. నిగనిగలాడుతోంది. చైర్మన్ గారి పేరు జానెడు అక్షరాల్లో, పథకం పేరు బెత్తెడు అక్షరాల్లో, వృద్ధుల ప్రస్తావన కింద మూలకి చెక్కారు.

"ఏం పనితనం నాయనా మీది!" అంది టీచరమ్మ పెద్ద మేస్త్రీతో. "ఆ చేత్తోనే ఈ కాలువ మీద ఒక బండ పడెయ్యరాదూ?"

"అయ్యో, అది ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ల పనమ్మా. మాది ప్రారంభోత్సవాల సెక్షన్."

"ఇంజనీరింగ్ సెక్షన్లో మేస్త్రీలు లేరా?"

"ఉండేవారమ్మా. అందర్నీ మా సెక్షన్లోకి తీసేసుకున్నారు" అన్నాడతను వినయంగా.

శుక్రవారం చైర్మన్ గారు వచ్చారు. ఒక ట్రైనరు రోడ్డు మీద పరుపు వేసి, ముందుకి ఎలా పడాలో, వెనక్కి ఎలా పడాలో, మర్యాదస్తులు పక్కకి ఎలా పడాలో చేసి చూపించాడు. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, ఫలకం మీది తెర లాగారు. మెరిసే కోటు వేసుకుని కాలువకి ఇవతల నిలబడిన టీచరమ్మని చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"అమ్మా! నువ్వు నాకు తల్లిలాంటిదానివి. ఏం కావాలో అడుగు!" అని మైకులో అన్నారు. సంక్షేమాధికారి పొడుగాటి కర్రకి ఇంకో మైకు కట్టి కాలువ మీదుగా చాచాడు.

"కాలువ మీద బండ బాబూ."

అధికారి చటుక్కున మైకు వెనక్కి లాగేశాడు. "చైర్మన్ గారు చల్లగా ఉంటే చాలునంటున్నారు సార్!" చప్పట్లు మోగాయి. అయిదు కొట్టేసరికి కార్లు వెళ్లిపోయాయి, పరుపు కూడా వెళ్లిపోయింది.

టీచరమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. ఎదురింటి అరుగు మీద మామ్మ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, అటు ఎవరున్నారా అని తడుముకుంటున్నట్టు చూస్తోంది.

"ఏమే టీచరూ, వెళ్లారా అంతా?"

"వెళ్లారక్కా."

"బండ వేశారా?"

వెయ్యలేదని చెప్పడానికి నోరు తెరిచి, టీచరమ్మ ఆగింది. గట్టు మీది ఫలకాన్ని కింద నుంచి పైదాకా చూసింది. పొడవు నాలుగడుగులు. వెడల్పు రెండు. మందం రెండంగుళాలు. కాలువ రెండున్నర. ఇటు ముప్పావు అడుగు, అటు ముప్పావు అడుగు ఆనుతుంది. కళ్లు తుడుచుకుని ఇంకోసారి లెక్క సరిచూసుకుంది.

"వేశారక్కా!" అని అరిచింది. "నిలబెట్టి వేశారు. పడుకోబెట్టడం ఒక్కటే మిగిలింది!"

తరువాత విజిల్ ఊదింది. మామ్మ పక్కింట్లో ఉండే గ్యాంగ్‌మన్ తాత చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లు రైలు పట్టాలు సర్ది రిటైరైన మనిషి.

"ఎవరు పడ్డారు టీచరమ్మా?"

"ఎవరూ పడలేదన్నయ్యా. దీన్ని పడెయ్యాలి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది."

తాత ఫలకం చుట్టూ ఒకసారి తిరిగాడు. దిమ్మని గోటితో గీకి చూశాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ముఖం వెలిగిపోయింది. ఇంటికెళ్లి గడ్డపార, తాడు, తనలాగే రిటైరైన ఇద్దరు దోస్తుల్నీ తెచ్చాడు. పావుగంట. గడ్డపార ఒక్క పట్టు పట్టగానే ఫలకం కదిలి, తాడు మీద నిదానంగా వాలి, కాలువ మీద కిర్రుమని పరుచుకుంది.

"అక్షరాలు పైకొచ్చాయి టీచరమ్మా, తిరగెయ్యమంటావా?"

"వద్దన్నయ్యా. నున్నటి వైపు పైకుంటే జారుతుంది. అక్షరాల మీదైతే కాలికి పట్టు దొరుకుతుంది."

టీచరమ్మ గేటు తీసింది. కుడికాలు చైర్మన్ గారి పేరు మీద మోపింది. గట్టిగా ఉంది. రెండో అడుగు ఆయన బిరుదుల మీద వేసింది. మూడో అడుగుకి రోడ్డు మీద ఉంది. పేపరు తెచ్చుకోవడం మర్చిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. అయినా వెనక్కి వెళ్లలేదు. తిన్నగా వెళ్లి మామ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. మామ్మ ఆమె ముఖమంతా చేత్తో తడిమింది.

"చిక్కిపోయావే" అంది.

"అరిచి అరిచి" అంది టీచరమ్మ. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో వీధిలో ఎవ్వరికీ వినిపించలేదు.

శనివారం సంక్షేమాధికారి వచ్చి చూసి, నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఆక్రమణలు తొలగించేవాళ్లని పిలిచాడు. వాళ్లు వచ్చి, వంగి పేరు చదివి, భయంగా వెనక్కి తగ్గారు. చైర్మన్ గారి పేరు తీసెయ్యాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలట. ఇంజనీరు వచ్చి టేపు పెట్టి కొలిచి, "స్లాబు నిబంధనల ప్రకారమే ఉంది. అర్జీ పరిష్కరించబడింది" అని రాసుకుని ముద్ర వేశాడు. చివరికి చైర్మన్ గారే వచ్చారు. తన పేరు మీదుగా ఒక మెరిసే కోటు నడిచి వెళ్లడం కళ్లారా చూశారు. ఆయన ముఖం కందగడ్డయింది. సరిగ్గా అప్పుడే పేపరు ఫొటోగ్రాఫరు వచ్చాడు.

నాయకత్వం అంటే ఏమిటో ఆ క్షణాన వీధంతా చూసింది. చైర్మన్ గారు అర నిమిషం కూడా తీసుకోలేదు. "వృద్ధులు నిర్భయంగా నడవడానికి నా పేరునే పరిచాను!" అని, టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఫొటోకి నిలబడ్డారు. ఆ సాయంత్రానికే దానికి 'నా పేరు మీద అడుగేయండి' పథకం అని పేరు పెట్టారు.

సోమవారం సంక్షేమాధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి కాలువ దాటి ఇవతలికొచ్చాడు. టీచరమ్మ గేటు ముందు అప్పటికే ఆ వైపు నాలుగిళ్ల పెద్దవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాయితం.

"అమ్మా, కొత్త పథకానికి ప్రారంభోత్సవం చెయ్యాలి. శిలాఫలకం ఎక్కడ పెట్టమంటారు?"

"పక్కింటి ముందు పెట్టు నాయనా. తరువాత ఆ పక్కింటి ముందు ఇంకోటి. ఈ వైపు నాలుగిళ్లకీ నాలుగు పథకాలు కావాలి" అంది టీచరమ్మ, కాయితాలన్నీ అతని చేతిలో పెడుతూ.

అధికారి ట్యాబు తీశాడు. "తప్పకుండా అమ్మా. వాటి మీద ఏమేం పథకాలని చెక్కించమంటారు?"

"నీ ఇష్టం నాయనా, ఏదైనా చెక్కించుకో. మందం మాత్రం రెండంగుళాలకి తగ్గనివ్వకు. మూడో ఇంటాయన కాస్త భారీ మనిషి."