ముద్దలకుంట ప్యాసింజరు కుదుపు

ముద్దలకుంట నుంచి సోమందేపల్లెకు రైలు కావాలన్న ప్రజల పాతికేళ్ళ కోరికను ప్రభుత్వం దాదాపుగా తీర్చేసిందనీ, ఒక్క రైలు మార్గం తప్ప తక్కినదంతా సిద్ధంగా ఉందనీ మంత్రి శ్రీరంగప్పగారు ఎనభై మూడో సంవత్సరం వేసవిలో పత్రికలవారికి సెలవిచ్చారు.

మంత్రిగారు ఊరికే నోరు జారే మనిషి కారు. కరువును అధ్యయనం చేయడానికి పడమటి జర్మనీ వెళ్ళి, పద్దెనిమిది రోజులు వానలో తడిసి వచ్చిన మనిషి. అక్కడ రైలు డ్రైవర్లకు తర్ఫీదు ఇచ్చే యంత్రమొకటి ఆయన కంటబడింది. గదిలో కూర్చుంటే ఎదుట తెర మీద పట్టాలు పరుగెత్తుకొస్తాయి. గది కదలదు, మనిషి కదలడు, ప్రయాణం మాత్రం జరిగిపోతుంది. దాన్ని సిమ్యులేటర్ అంటారు. దానికి బొగ్గు వద్దు, నీళ్ళు వద్దు. నీళ్ళు వద్దన్న మాట వినగానే ఆయనకు అనంతపురం జిల్లా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయట.

ఈ మహత్కార్యానికి స్పెషల్ ఆఫీసరుగా గంగాధరప్పగారు దిగారు. ఊరి బయట పాత లారీ కమాను పట్టీల మీద చెక్క బోగీ ఒకటి నిలబెట్టించారు. ఎక్కే వాకిలి కుడివైపు, అక్కడ ముద్దలకుంట అని బోర్డు. దిగే వాకిలి ఎడమవైపు, అక్కడ సోమందేపల్లె అని బోర్డు. లోపల ముందు తెర, వెనక ప్రొజెక్టరు. ప్రొజెక్టరు దగ్గర తిప్పన్న.

ఆ ఊరి చివరింటివాడే అయిన తిప్పన్న పదమూడేళ్ళుగా ప్రచార వ్యానులో ఊరూరా తిరిగి కుటుంబ నియంత్రణ బొమ్మలు వేస్తున్న దినకూలీ ఆపరేటరు. పాపం, అతనికి ఈ లోకంలో ఉన్నది ఒకటే ఆశ, పర్మినెంటు ఆర్డరు. ఇన్నేళ్ళూ అది వచ్చే నెల వస్తుందని భార్య కదిరమ్మకు చెబుతూనే ఉన్నాడు. ఆమె నమ్మడం మానేసి చాలా కాలమైంది గానీ, అడగడం మానలేదు.

ఇక సినిమా సంగతి. నిజం రైలింజనుకు కెమెరా కట్టడానికి అనుమతులు అడగాలి. అడిగి కూర్చోవడం గంగాధరప్పగారి ఒంటికి పడదు. పైగా మన జనానికి మన దారి చూపించాలి గానీ పరాయి దారి చూపిస్తే ఏం బాగుంటుంది? అందుకని ఊళ్ళోంచి చేలల్లోకి పోయే బండిదారి మీద రెండు మైళ్ళు సున్నంతో రెండు గీతలు గీయించారు. అవి పట్టాలు. ఎద్దులబండికి కెమెరా కట్టించి, ఎద్దులను పరుగెత్తించి ఇరవై నిమిషాల రీలు తీయించారు. తెర అడుగున అప్పుడప్పుడు రెండు కొమ్ములు కనిపించేవి. వాటిని ఇంజను భాగాలుగా భావించవలెనని ఫైల్లో నోటు పెట్టారు.

ప్రయోగాత్మక ప్రయాణానికి పదకొండు మంది పంతుళ్ళను ఎక్కించారు. రీలు మొదలైన మూడో నిమిషంలో సైన్సు పంతులు కిటికీ వెతుక్కున్నాడు. పదో నిమిషానికి పదిమంది బయట వరసగా కూర్చుని వాంతులు చేసుకుంటున్నారు. తెర మీద బొమ్మ ఒకసారి ఆకాశానికి ఎగురుతోంది, మరొకసారి మట్టిలో పడుతోంది.

"ఏమప్పా తిప్పన్నా, కెమెరా వణుకుతాండాదా, నీ మిషను వణుకుతాండాదా?" అన్నారు గంగాధరప్పగారు. "నెలాఖరు సోమవారం మంత్రిగారొస్తారు. ఆయన వాంతి చేసుకుంటే నేను బదిలీ అయితా. నువ్వు మాత్రం పర్మినెంటుగా ఇంటికి పోతావు."

తిప్పన్న ప్రొజెక్టరులో ఫిలిం జారే గేటు తుడిచాడు. ఫిలిం లూపు సరిచేశాడు. స్టాండు కాళ్ళ కింద బండలు పెట్టాడు. బొమ్మ ఎగురుతూనే ఉంది. ఈలోగా సాంకేతిక కమిటీ ఒకటి వచ్చి, కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలు ప్రయాణించి, లోపం యంత్రంలో లేదనీ ప్రయాణికుల కళ్ళలో ఉందనీ తేల్చింది. ఆ సిఫార్సు ప్రకారం నేత్ర శిబిరం పెట్టి నలభై మందికి కళ్ళజోళ్ళు ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళకు కుదుపు మరింత స్పష్టంగా కనిపించసాగింది.

చివరికి తిప్పన్న రీలు విప్పి ఎండకు పట్టి చూశాడు. ఒక ముక్కలో అంతా మబ్బులేని ఆకాశం, పక్క ముక్కలో అంతా దుమ్ము. లోపం తన మిషనులో ఉంటే బాగుండుననుకున్నాడు. తన మిషనైతే తాను బాగుచేయగలడు.

"కుదుపు ఫిలింలోనే ఉండాది సార్. మళ్ళీ తీయాల," అన్నాడు గంగాధరప్పగారితో.

"మళ్ళీ తీస్తే మొదట తప్పు తీసినట్లు కాదా? ప్రభుత్వం ఒకసారి తీసినాక తీసినట్లే."

తిప్పన్న దిగాలుగా రీలు మళ్ళీ ఎక్కించాడు. ఆ రోజు బోగీలో కరువు పని మేస్త్రీ నాగన్న ఒక్కడే ఉన్నాడు. తక్కినవాళ్ళు వీపు మీద కొట్టినా లోపలికి రామన్నారు. నాగన్న మాత్రం బీడీ తాగుతూ హాయిగా చూస్తున్నాడు. అతనికి ఏమీ కావడం లేదు. గమనిస్తే, ప్రతి కుదుపుకూ ముందే అతను బెంచీ మీద పక్కకు సర్దుకుంటున్నాడు.

"నీకు కడుపులో తిప్పడం లేదా నాగన్నా?" అన్నాడు తిప్పన్న.

"ఎందుకు తిప్పుతాదన్నా? ఇది మా చేని దారి. అదిగో, ఇప్పుడు పెద్ద గుంత వస్తాది, సర్దుకో. ఆరు కరువులకూ ఈ దారే కదా మేము వేసింది. యాడ గుంత ఉండాదో యాడ బండ ఉండాదో మా కూలోళ్ళకు కండ్లు మూసినా తెలుసు."

తిప్పన్నకు కిటుకు దొరికింది. బొమ్మతో పాటు మనిషీ ఊగితే వాంతి రాదు. మరి మనిషిని ఊపాలంటే బోగీని ఊపాలి.

మర్నాడే ఇరవై నలుగురు కరువు కూలీలు గడ్డపారలతో బోగీ కింద చేరారు. తెర కనబడేలా బోగీ నేల పలకలో బెజ్జం చేసి నాగన్న కన్ను పెట్టాడు. "తిమ్మప్ప చేను గుంత" అని అతను అనగానే ఎడమవాళ్ళు ఎత్తారు. "కానుగమాను బండ" అనగానే కుడివాళ్ళు ఎత్తారు. లోపల కూర్చున్నవాళ్ళకు బొమ్మ కాస్త కుదురుగా, రైలు చక్కగా నడుస్తున్నట్టుగా ఉంది. కూలీల హాజరు రాసే మస్టరు రోల్లో పని పేరు "రైలు మార్గం పని" అని రాశారు. గంగాధరప్పగారు తిప్పన్న భుజం తట్టి, "ఇంగ నీ ఆర్డరు వచ్చినట్లే" అన్నారు. ఆ పూట తిప్పన్న ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళాడు.

సోమవారం మంత్రిగారు వచ్చారు. ముద్దలకుంట ప్రజలనుద్దేశించి మాట్లాడారు, దండ వేయించుకున్నారు, కుడి వాకిలిలోంచి ఎక్కారు. ఇరవై నిమిషాలు చిన్నపిల్లాడిలా ఊగారు. ఎడమ వాకిలిలోంచి దిగి, బోర్డు చదివి, చేతులు జోడించి, "సోమందేపల్లె ప్రజలారా" అన్నారు. గంగాధరప్పగారు జనాన్ని గబగబా ఈవలికి తోలారు. వేసిన దండే మళ్ళీ వేశారు. వాళ్ళు కొట్టిన చప్పట్లే మళ్ళీ కొట్టారు.

బోగీ కిందనుంచి చెమటలు కారుతూ వచ్చిన నాగన్న అడిగాడు. "సారూ, మా ముద్దలకుంటకు రైలు లైను ఎప్పుడు వేస్తారు?"

మంత్రిగారు అతన్ని జాలిగా చూశారు. "లైను లేకుండానే నేను ఈడికి ఎట్లా వచ్చినానప్పా?"

మరునాటి పత్రికల్లో లైను పూర్తయిందని వచ్చింది. లైను కావాలని ప్రజలు పెట్టుకున్న అర్జీలన్నీ పరిష్కృతాల కట్టలోకి చేరాయి.

పదిరోజులకు తిప్పన్న ఆర్డరు నిజంగానే వచ్చింది. సంతోషంలో మొదట పర్మినెంటు అన్న మాట వరకే చదివాడు. రెండోసారి పూర్తిగా చదివాక గంగాధరప్పగారి దగ్గరకు పరుగెత్తాడు.

"సార్, నన్ను సోమందేపల్లె స్టేషనుకు వేసినారు. ఆడ మిషనే లేదు కదా."

"రైలు ఈడ మొదలై ఆడ ముగుస్తాది. ముగిసేకాడ సర్కారు మనిషి ఒకడు ఉండొద్దా? ఈడ మిషనుకు దినకూలీ ఒకణ్ణి పెట్టుకుంటాలే."

"అయితే బస్సులో పోయి చేరతా సార్."

"రైలు ఉండే ఊరికి బస్సులో పోతే చెల్లదు. పోతే పో, పర్మినెంటు పోతాది."

ఆ మాటతో తర్వాతి సోమవారం పొద్దున తిప్పన్న రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, కదిరమ్మను వెంటబెట్టుకుని కుడి వాకిలిలోంచి ఎక్కాడు. కొత్త దినకూలీ రీలు వేశాడు. కూలీలు ఎత్తారు, దించారు. ఇరవై నిమిషాలకు ఎడమ వాకిలిలోంచి దిగితే ఎదురుగా గంగాధరప్పగారు రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"టైముకే వచ్చినారు. సంతకం పెట్టు."

తిప్పన్న పెట్టాడు. పదమూడేళ్ళ ఆశ ఆ గీతలో తీరిపోయింది. కదిరమ్మ అవతల నలభై అడుగుల దూరంలో ఉన్న తమ ఇంటికేసి చూసింది.

"ఏమయ్యా, కోళ్ళను గంప కింద మూసి వచ్చినా. పోయి వదిలిపెట్టి వస్తా."

"ముద్దలకుంటకా?" అన్నారు గంగాధరప్పగారు. "చేరిన దినమే హెడ్‌క్వార్టరు వదిలితే ఎట్లమ్మా? సెలవు చీటీ రాసిచ్చి రైల్లో పోండి. రీలు వెనక్కి చుట్టాల గదా, రేపు బయల్దేరుతాది."

తిప్పన్న రేకు పెట్టె మీద కాగితం పరిచాడు. పర్మినెంటు సర్వీసులో అది అతని మొదటి సెలవు చీటీ. కారణం అన్నచోట, సొంత ఊరు చూసి రావడానికి అని రాశాడు.