సొట్టతో సహా

మానవుడు చక్రాన్ని కనిపెట్టిన రోజున దాని త్రీడీ మోడల్ ఎవరూ అడగలేదు. ఆ నిర్లక్ష్యానికి శిక్షను ఇప్పుడు గుడివాడ దగ్గర రమణమ్మ గారి రైసు మిల్లు అనుభవిస్తోంది.

మిల్లులో ధాన్యం పోసే రేకు హాపర్‌కు చిల్లు పడింది. బందరు నుంచి రేకు మేస్త్రి రహంతుల్లా వచ్చాడు. జానతో కొలిచి, అట్టముక్క మీద గీసుకుని, “రేపు సాయంత్రానికి బిగించేస్తానమ్మా” అన్నాడు. (చదువుకోనివాళ్లకు ఈ తొందర సహజం.) ఆవరణలో రైతుల ధాన్యం రాశులుగా ఉంది. ఆకాశంలో మబ్బులూ ఉన్నాయి.

కానీ గరాటు ఆకారపు పరికరాల పరిశీలనా కార్యాలయం వారి నిబంధన ఒకటుంది. కొత్తది పెట్టాలంటే ముందు పాతదాన్ని పొల్లుపోకుండా కంప్యూటర్లో గీసి ఆమోదం పొందాలి. గీయడానికి డిజైనర్ వినీల వచ్చింది. ఆమె సాఫ్ట్‌వేర్‌లో ఒక కొలత మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారతాయి. (ఈ సంగతి ఆఫీసులో చెప్పకుండా ఉండాల్సింది.)

పరిశీలనాధికారి ప్రేమ్ కుమార్ గారు ఫైలు తిప్పి పంపారు.

“బొమ్మలో ఎడమ పక్క సొట్ట ఏదండీ?”

“అది మా మిల్లు కూలీ దైవాధీనం సుత్తి దెబ్బండీ,” అన్నారు రమణమ్మ గారు. “తడి ధాన్యం దిగకపోతే కొడతాడు. ఇరవై ఏళ్ల నుంచీ కొడుతున్నాడు.”

“ఎందుకు కొట్టారన్నది వేరే సెక్షనండీ. సొట్ట ఉందా, లేదా?”

వినీల మూడు రోజులు కూర్చుని సొట్టను గీసింది. సొట్ట లోతు, సొట్ట వాలు, సొట్ట వయసు అని మూడు గళ్లు నింపింది. అప్పుడు ప్రేమ్ కుమార్ గారు ఆఫీసు ముద్ర పట్టడానికి హాపర్ ఎత్తు ఒక్క అంగుళం పెంచమన్నారు. పెంచగానే సొట్ట నడుచుకుంటూ హాపర్ మూతి దగ్గరికి వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి తేవడానికి మరో రెండు రోజులు పట్టింది. ఈలోగా వాన కురిసింది.

కొత్తది బొమ్మలో ఉన్నట్టే ఉండాలని, సొట్టతో సహా, ఆమోదం వచ్చింది. రహంతుల్లా నున్నగా కొత్త హాపర్ చేసి, సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు.

“కొత్త రేకును చెడగొట్టడానికి చెయ్యి రావట్లేదమ్మా.”

చివరికి కళ్లు మూసుకుని కొట్టాడు. ఆఫీసు తరఫున ఫారం నింపుతూ చూస్తున్న నాకూ ఏడుపొచ్చింది. (ఫారంలో ఆ గడి లేదు.)

ప్రారంభోత్సవానికి ప్రేమ్ కుమార్ గారే వచ్చారు. తడిసిన ధాన్యం పోశారు. అది సరిగ్గా సొట్ట దగ్గరికొచ్చి ఆగింది. దైవాధీనం అలవాటుగా సుత్తి ఎత్తాడు.

ప్రేమ్ కుమార్ గారు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నారు.

“ఆగవయ్యా! ఇంకో సొట్ట పడితే మళ్లీ మొదటి నుంచీ రావాలి.”